చింతపండుతో తోమిన చరిత్ర

పోయిన దీపావళికి ముందు ఇల్లు దులుపుతూ నేనొక ఘనకార్యం చేశాను. మా అమ్మమ్మ పోయాక నా వంతుకు వచ్చిన ఇత్తడి మరచెంబు ఒకటి అటకమీద ఏళ్ల తరబడి పడి ఉంది. దించుతుంటే లోపల గలగలమంది. మూత బిగుసుకుపోయింది. గుడ్డ చుట్టి, పళ్లు బిగబట్టి తిప్పితే ఎట్టకేలకు ఊడింది. ఒళ్లో బోర్లిస్తే ఏమున్నాయనుకున్నారు? రాగి డబ్బులు! మసిపట్టిన మూకుడులా కొన్ని నల్లగా, నాచు పట్టినట్టు కొన్ని పచ్చగా, మొత్తం పదిహేడు.

ఇంకేం, ఇల్లాలి బుద్ధి ఊరుకుంటుందా! ఎలాగూ దేవుడి సామాను తోముకోవటానికి చింతపండు నానేసి ఉంచాను. దానికింత ఉప్పు జోడించి, ఒక్కొక్క డబ్బునీ అరచేతిలో పెట్టుకుని రుద్దిపారేశాను. అరగంటలో పదిహేడూ తళతళలాడుతూ పళ్లెంలో కూచున్నాయి. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మా పై వాటాలో రిటైరైన లెక్కల మాస్టారొకరు ఉంటారు. నలభై ఏళ్లుగా పాత నాణేలు పోగుచేస్తున్న మనిషి. ఆయనకి చూపించి మెప్పు పొందుదామని పళ్లెం పట్టుకుని మెట్లెక్కాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, ఒక డబ్బుని అంచులు పట్టుకుని తీసి, అటూ ఇటూ తిప్పి, మళ్లీ మెల్లిగా పళ్లెంలో పెట్టేశారు. ఎవరో పోయిన కబురు విన్నట్టు నిమిషంపాటు మాట్లాడలేదు.

"ఎంతపని చేశావమ్మా!" అన్నారు చివరికి.

నాకు సిగ్గేసింది. సిగ్గు వెనకాలే కోపమూ వచ్చింది. మురికిని మురికి అనక ఏమంటారుట? ఆయన ఓపిగ్గా విప్పి చెప్పారు. రాగి గాలికి ముందు గోధుమరంగుకి తిరుగుతుంది, ఆ తర్వాత నల్లబడుతుంది. ఆ పొర గట్టిపడ్డాక లోపలి లోహానికి అదే కవచం. చింతపండులోని పులుపు ఆ కవచాన్ని కరిగించుకుపోతుంది. పైనుంచి మన అరచేతి బలం, ఉప్పు గరుకూ తోడైతే అక్షరాల అంచులు కూడా మొద్దుబారిపోతాయి. నాణేలు సేకరించేవాళ్లెవరూ తోమిన నాణేన్ని ముట్టుకోరు.

"ధర సంగతి అలా ఉంచు. తోమేముందు ఒక్కదాన్నయినా చదివావా?" అన్నారు మాస్టారు.

ఆ మాట మాత్రం సూదిలా గుచ్చుకుంది. పకోడీల పొట్లం కట్టిన కాగితాన్ని కూడా విప్పి, నూనె మరకల మధ్య ఉన్న నాలుగు ముక్కలూ చదివితేగాని పారెయ్యను నేను. అలాంటిదాన్ని, చేతికి వచ్చిన పదిహేడు డబ్బుల్లో ఒక్కదాన్నీ చదవలేదు. అవి చదువుకునేవని తోస్తేగా!

ప్రాయశ్చిత్తంగా ఆనాటినుంచీ చదవటం మొదలుపెట్టాను. నా పళ్లెంలోవీ, మాస్టారి ఆల్బముల్లోవీ, ఆయన అరువిచ్చిన పుస్తకాల్లోవీ. ఈ వ్యాసం ఆ చదువు మీద సమీక్ష అనుకోండి. నవలని సమీక్షించేటప్పుడు అడిగే ప్రశ్నలనే రాగి డబ్బునీ అడిగాను. ఎవరు రాశారు? ఎవరికోసం? ఏ భాషలో? చదవవలసినవాళ్ల చేతికి అది చేరిందా లేదా?

* * *

ముందు 'డబ్బు' అనే మాట సంగతి. ఈనాడు డబ్బు అంటే లక్షలూ కోట్లూ. పుట్టుకతో మాత్రం అదొక చిన్న రాగినాణెం పేరు. కంపెనీవారి మద్రాసు లెక్కల్లో ఎనభై కాసులు ఒక ఫణం, నలభైరెండు ఫణాలు ఒక వరహా. ఇరవై కాసుల రాగినాణేన్ని డబ్బు అనేవారు. అంటే బంగారు వరహా ఒకటి కావాలంటే నూట అరవై ఎనిమిది డబ్బులు లెక్కపెట్టాలన్నమాట. వరహాలు పోయాయి, ఫణాలు పోయాయి. వాటన్నిటి అడుగునా పడి ఉన్న డబ్బు మాత్రం మన నోట్లో నిలిచిపోయి, మొత్తం సంపదకే పేరైపోయింది. బంగారం తిరిగింది కొద్దిమంది చేతుల్లో. రాగి తిరిగింది అందరి చేతుల్లోనూ. భాషకి పేరు పెట్టింది ఆ అందరే గదా!

మాస్టారి ఆల్బములో మొదటి పేజీలో, పట్టుపరుపు మీద పెళ్లికొడుకులా కూచున్నది అలాంటి ఇరవై కాసుల నాణెమే. 1808 నాటిది. అదంటే ఆయనకి పంచప్రాణాలు. ఒకవైపు రెండు సింహాలు చెరోపక్కా నిలబడి పట్టుకున్న కంపెనీ డాలు, కింద సంవత్సరం. రెండోవైపు పారశీక లిపిలో ఇరవై కాసులు నాలుగు ఫలూసులని ఒక వాక్యం, దాని కింద ఇంగ్లీషులో రెండు ఇంటూ గుర్తులు, పక్కన 'క్యాష్'. ఈ 'క్యాష్' మన కాసే సుమండీ! నగదు అనే అర్థంలో ఇంగ్లీషువాళ్లు వాడే క్యాష్ వేరే వంశానిది. పేర్లు కలిశాయి గాని చుట్టరికం లేదు.

ఇది ఇక్కడ కొట్టిన నాణెం కాదు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర మాథ్యూ బోల్టన్ అనే ఆయన ఆవిరి యంత్రాలతో నడిపిన సోహో టంకసాలలో అచ్చయింది. చేత్తో సుత్తిదెబ్బ కొట్టిన నాణెంలా వంకర ఉండదు, బొమ్మ పక్కకి జారదు. చంద్రబింబంలా గుండ్రంగా, అక్షరం అక్షరం విడివిడిగా ఉంటుంది. పనితనానికి నూటికి నూరు మార్కులూ వెయ్యాల్సిందే.

మరి ఎవరికోసం రాశారు? ఇంగ్లీషు దొరలకి ఇంగ్లీషు ఉంది. దర్బారు లెక్కలు రాసేవాళ్లకి పారశీకం ఉంది. ఆ డబ్బుతో పావుశేరు వంకాయలు కొనుక్కునే మనిషికి తెలుగూ లేదు, తమిళమూ లేదు. దాదాపు అదే కాలంలో మద్రాసు టంకసాలలో కొట్టిన వెండి అరవరహా, పావువరహాలు చూడండి. ఒకవైపు నక్షత్రాల మధ్య గుడిగోపురం, రెండోవైపు విష్ణుమూర్తి, చుట్టూ తెలుగు, తమిళ అక్షరాలు. ఆ మర్యాద బర్మింగ్‌హామ్ రాగికి దక్కలేదు.

అసలు కథ ఇంకా ఉంది. ఈ పది కాసుల, ఇరవై కాసుల నాణేల్ని పీపాలకెత్తి, 'అడ్మిరల్ గార్డ్‌నర్' అనే ఓడలో మద్రాసుకి పంపారు. 1809 జనవరిలో ఆ ఓడ ఇంగ్లండు తీరం దాటకముందే, గుడ్విన్ శాండ్స్ అనే ఇసుకదిబ్బల మీద తుఫానుకి చిక్కి మునిగిపోయింది. 1980ల్లో గజ ఈతగాళ్లు దిగి ఆ నాణేల్ని లక్షల్లో పైకి తీశారు. మాస్టారి దగ్గరున్నది అందులోదే. ఇంగ్లండులో ఉంటున్న వాళ్లబ్బాయి కొని తెచ్చాడు.

"చూశావా, రెండువందల ఏళ్ల నాటిది. సింహం జూలు కూడా చెక్కుచెదరలేదు!" అంటారాయన మురిపెంగా.

ఎందుకు చెదురుతుంది? అది ఒక్క బీరకాయ కొనలేదు. ఒక్క పిల్ల పిడికిట్లో చెమర్చలేదు. ఏ కోమటి కొట్టు బల్లమీదా టంగుమని మోగలేదు. మన ఊళ్లకి రావలసిన డబ్బు, దారిలోనే మునిగి, మన చెయ్యి ఒక్కటీ తగలకుండా, తిరిగి వాళ్ల దేశంలోనే దుకాణాల అద్దాల వెనక్కి చేరింది. అచ్చు అందంగా ఉండి, కుట్టు చెదరక, ఒక్కరూ చదవని పుస్తకాలు కొన్నిళ్లల్లో అద్దాల బీరువాల్లో ఉంటాయి చూడండి, నాకు అవి గుర్తొచ్చాయి. ఈ మాట మాస్టారితో అంటే రెండురోజులు నాతో మాట్లాడలేదు.

* * *

అదే టంకసాలనుంచి బొంబాయికి వెళ్లిన 1804 నాటి రాగిడబ్బు మరొకటి ఆయన చూపించారు. ఒకవైపు షరా మామూలే, కంపెనీ డాలు. రెండోవైపు ఒక తక్కెడ. రెండు సిబ్బెల మధ్యా పారశీక లిపిలో 'అదిల్' అని ఉంది. అంటే న్యాయం అని భావం.

బొమ్మగా ముచ్చటైనదే. కాని నాకు నవ్వాగలేదు. అంగట్లో తక్కెడ పక్కన 'ఇచ్చట సరియైన తూకము' అని బోర్డు కనిపిస్తే మనం ఏం చేస్తాం? ముల్లు వంక మరికాస్త జాగ్రత్తగా చూస్తాం. వర్తకానికి వచ్చి రాజ్యం ఏలుతున్న కంపెనీ, తన తక్కెడ మధ్యన తానే న్యాయం అని రాసుకుని మన చేతికిచ్చింది. రచయిత తన కథకి తానే నీతి వాక్యం తగిలిస్తే పాఠకురాలికి అనుమానం రాదూ? అలాంటిదే ఇదీను.

నా పళ్లెంలో అన్నిటికన్నా పెద్దది 1835 నాటి పావు అణా. కంపెనీ ఏలుబడి అంతటికీ ఒకే తీరు నాణేలు ఆ ఏటినుంచే మొదలయ్యాయి. అంతకుముందు మద్రాసుది మద్రాసుదే, బొంబాయిది బొంబాయిదే, బెంగాలుది బెంగాలుదే. రూపాయికి పదహారు అణాలు, అరవైనాలుగు పావు అణాలు. మన పాత భిన్నాల ఎక్కాల్లో అరవైనాలుగో వంతుని 'కాని' అంటారు. అందుకే పావు అణా మనవాళ్లకి కాని అయింది. నాణెం మీద 'వన్ క్వార్టర్ అణా' అని ఇంగ్లీషులో ఉంటే ఉండనివ్వండి, మా అమ్మమ్మ నోట్లో అది కానే. పుస్తకం అట్టమీది పేరు వదిలేసి పాఠకులు తమ పేరు పెట్టుకున్నారన్నమాట.

ఆ కాని మీద సింహాల కింద పట్టీలో లాటిన్ మాటలున్నాయి. ఇంగ్లండు రాజుగారి, పార్లమెంటువారి అండదండలతో అని తాత్పర్యంట. ఉన్నాయని మాస్టారు చెప్పబట్టి నమ్ముతున్నాను. నా పళ్లెంలోని దానిమీద ఇప్పుడు ఆ పట్టీ ఒక గీతలా మిగిలింది. సింహాలు పిల్లికూనల్లా తయారయ్యాయి. అందులో అరుగుదల వాటా ఎంతో, నా చింతపండు వాటా ఎంతో ఎవరు తేల్చగలరు?

రాగి, రాగి అంటున్నాను గాని 1906 తర్వాతి కానులు కంచువి. బరువు కూడా తగ్గించేశారు. పళ్లెంలో అయిదు అలాంటివే. వాటిలో 1912 నాటిదొకటి ఉంది. దాని వెనక కథ చెప్పకుండా ఉండలేను. అంతకుముందు ఏడు, 1911లో, అయిదో జార్జి బొమ్మతో మొదటి నాణేలు వచ్చాయి. రాజుగారి అంగీమీది హారంలో ఒక ఏనుగు ఉంటుంది. చెక్కినాయన తొండం పొట్టిగా, కాళ్లు కురచగా చెక్కాడు. జనం చూసి, అది ఏనుగు కాదు పంది అన్నారు. కొందరికి అది నవ్వులాట, కొందరికి మతానికి తగిలిన దెబ్బ. గోల పెరిగి సర్కారు దిగివచ్చింది. 1912 నాణేల మీద తొండం సరిచేసిన ఏనుగు దర్శనమిచ్చింది. బియ్యపుగింజంత బొమ్మ అది! దాన్ని సంతలో నిలబడి పరీక్షగా చూసి తప్పు పట్టినవాళ్లు మామూలు జనం. రాగిడబ్బుని ఎవరు చదువుతారులే అనుకునేవాళ్లకి ఇంతకన్నా జవాబేం కావాలి? ఏ సాహిత్య విమర్శకుడి దెబ్బకి రెండో ముద్రణలో అంత త్వరగా తప్పు దిద్దుకున్న రచయిత ఉన్నాడు చెప్పండి!

* * *

పళ్లెంలో మూడు చిల్లికానులున్నాయి. మధ్యన గుండ్రంగా కన్నం ఉన్నవి. మీ ఇళ్లల్లోనూ ఏ పోపులడబ్బా అడుగునో ఉండే ఉంటాయి. 1943 నుంచి 1947 దాకా వచ్చాయి. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో లోహానికి కరువొచ్చి, అంతకుముందు దాదాపు అయిదు గ్రాములుండే కానిని రెండు గ్రాములకి దించి, నడుమ కన్నం పెట్టి మరీ ఆదా చేశారు.

ఈ నాణెం నాకు అన్నిటికన్నా నచ్చింది. ఎందుకంటారా? మామూలుగా రాజుగారి తల ఉండాల్సిన చోట కన్నం. పైన కిరీటం మాత్రం భద్రంగా ఉంది. తల పోయింది, కిరీటం మిగిలింది! చెక్కినవాళ్లు తెలిసి చేసిన చమత్కారం కాదది. ఇత్తడీ కంచూ యుద్ధానికి పోగా, మిగిలిన దాంతో సరిపెట్టుకున్నారంతే. మనం ఉల్లిపాయలు ప్రియమైనప్పుడు కూర సరిపెట్టుకోమూ, అలాగే. అయిదేళ్లు తిరక్కుండా ఆ కిరీటం కూడా ఈ దేశం విడిచి వెళ్లింది. రాసినవాళ్లకి తెలియని అర్థం రచనలో దూరటమంటే ఇదే. పాఠకులకి ఆ అర్థం అందటానికి కాలం కావాలి.

చిన్నప్పుడు మా అమ్మమ్మ చెప్పేది. వాటిని మొలతాడుకి గుచ్చి పిల్లాడికి కట్టేదట. చీరకొంగున ముడేస్తే జారిపోతాయని దారానికి గుచ్చి దండలా దాచుకునేదట. తాతయ్య జేబులోంచి లెక్క తప్పి కిందపడ్డ కానులు ఆ దండలోకి చేరేవట. "దొంగతనం కాదే, కూలి" అనేది బోసినోటితో నవ్వుతూ. ఆ దండ తెగినప్పుడు మిగిలినవే ఈ మూడూ కాబోలు. ఏ నాణేల పుస్తకంలోనూ ఈ ముక్క ఉండదు గదా!

* * *

ఇంతవరకూ ముచ్చట. ఇక మనసు కలుక్కుమన్న సంగతి చెబుతాను.

సంక్రాంతి వెళ్లాక ఒకరోజు మా చిన్నత్తయ్యగారు, అంటే మా అత్తగారి చెల్లెలు, ఫోను చేశారు. "అమ్మాయ్, నీకు నాణేల సంగతి తెలుసటగా. ఒక్కసారి రా. ఫోనులో చెప్పేది కాదు" అన్నారు.

వెళ్లాను. పూజగదిలోకి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేసి, ఎర్ర పట్టుగుడ్డ విప్పారు. లోపల పెద్ద రాగిబిళ్ల. ఒకవైపు సీతారాముల కొలువు, పక్కన లక్ష్మణుడు, పాదాల దగ్గర హనుమంతుడు. రెండోవైపు ఇంగ్లీషులో 'ఈస్టిండియా కంపెనీ', '1818', 'వన్ అణా'.

"తెలిసినాయన ఇచ్చి వెళ్లాడు. కోటి రూపాయల సరుకుట. పిడుగుపడ్డ రాగిట. బియ్యాన్ని తనవైపు లాక్కుంటుందిట. నా కళ్ల ముందే లాగించి చూపించాడు. అంతరిక్షం పరిశోధనల వాళ్లు కొంటారట" అన్నారు గొంతు తగ్గించి.

"మరి కొంటే మంచిదేగా అత్తయ్యా?"

"ముందు పరీక్ష చేయించాలిట. ఆ ఖర్చు మనదేట. రెండు లక్షలు." ఒక్కక్షణం ఆగి, చేతులకున్న గాజులు సవరించుకున్నారు. "ఇవి కుదువ పెడదామనుకుంటున్నాను. మీ మామయ్యతో అనకు."

'బియ్యం లాగే నాణెం' పేరుతో జరిగే ఈ మోసం గురించి పత్రికల్లో ఎన్నిసార్లు వచ్చిందో! ఉభయ తెలుగు రాష్ట్రాల్లోనూ పోలీసులు ఇలాంటి ముఠాల్ని పట్టుకుంటూనే ఉన్నారు. బియ్యపుగింజలకి ఇనపరజను పట్టించి, ఎక్కడో అయస్కాంతం దాచి చేసే గారడీ అది. ఉత్త రాగికి అయస్కాంతమే అంటుకోదు, ఇక బియ్యం అంటుకుంటుందా? ఈ మాటలే అత్తయ్యతో అన్నాను. ఆవిడ వినలేదు. కళ్లతో చూసినదాన్ని మాటలతో చెరపడం ఎవరితరం!

అప్పుడు, "సరే అత్తయ్యా, నాణెం చదువుదాం రండి" అని కిటికీ దగ్గర కూచోబెట్టాను.

ఒక్కొక్క అక్షరమే చదివి చెప్పాను. 1818లో కంపెనీకి దేశమంతటికీ ఒకే నాణెం అంటూ లేదు, అది వచ్చింది 1835లో. దేవుడి బొమ్మ వేసింది గనక అబద్ధమని నేననను. మద్రాసులో కంపెనీవారు వరహాల మీద విష్ణుమూర్తిని వేసిన మాట నిజమే. మన వర్తకులు నమ్మేది ఆ బొమ్మనే గనక వేశారు. కాని ఇలా సీతారామ పట్టాభిషేకం వేసి, వెనక ఇంగ్లీషులో అణా అని రాసిన నాణెం కంపెనీ ఏనాడూ కొట్టలేదు. ఇక 'యు.కె.ఎల్.' అని మూడక్షరాలున్నాయి, వాటికి అర్థమే లేదు. అదే రకం బిళ్లలు 1616 అనీ, 1717 అనీ, 1839 అనీ రకరకాల సంవత్సరాలతో బజార్లో దొరుకుతాయి. కథలో పాత్ర ఒక పేజీలో పెళ్లికాని పిల్ల, రెండో పేజీలో ముగ్గురు పిల్లల తల్లి అయితే, ఆ రచయిత అచ్చుకి ముందు తన రాతని తానే చదువుకోలేదని తెలిసిపోతుంది. ఈ బిళ్ల రాసినవాడి తీరూ అంతే.

అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చిన్నపిల్లలా అడిగారు. "అయితే రాముడు కూడా అబద్ధమేనా?"

"రాముడు నిజమే అత్తయ్యా. కంపెనీ అబద్ధం" అన్నాను.

పాతరోజుల్లో నిజమైన రామటంకాలుండేవి. పట్టాభిషేకం బొమ్మతో వెండివీ ఇత్తడివీ బిళ్లలు. యాత్రకి వెళ్లినవాళ్లు తెచ్చుకుని పూజలో పెట్టుకునేవారు. అవి అంగట్లో చెల్లే నాణేలమని చెప్పుకోలేదు, బియ్యాన్ని లాగుతామనీ అనలేదు. భక్తికోసం చేసినవి భక్తితో ఇళ్లకి చేరాయి. పనితనం మోటుగా ఉన్నా వాటిలో అబద్ధం లేదు. అత్తయ్య దగ్గరున్న బిళ్లలో పనితనం కాస్తో కూస్తో ఉంది గాని, రాసినవాడి ఉద్దేశమే కుళ్లు.

గాజులు ఆవిడ చేతులకే ఉన్నాయి. బిళ్ల ఇచ్చినాయన మళ్లీ ఫోను ఎత్తలేదుట. రాముడు ఉన్నాడు గదా అని అత్తయ్య బిళ్లని పూజగదిలోనే ఉంచేశారు, కంపెనీ వైపు గోడకి తిప్పి.

* * *

ఇదంతా అయ్యాక నాకొక సంగతి స్పష్టమైంది. పాత డబ్బుల గురించి లోకంలో రెండే కొలబద్దలు నడుస్తున్నాయి. ఒకటి సామాన్యులది. పాతదైతే చాలు, కోట్లు పలుకుతుందనే ఆశ. రెండోది సేకరించేవాళ్లది. ఎంత కొత్తగా ఉంటే, ఎంత తక్కువ చేతులు మారితే అంత గొప్ప. 'అన్‌సర్క్యులేటెడ్' అంటే వాళ్లకి పరమపదం. మొదటి కొలబద్ద మా అత్తయ్య గాజుల మీదికి తెచ్చింది. రెండోది మాస్టారిలాంటి మంచి మనిషి చేత కూడా, ఎవరి చేతా చెల్లని నాణేన్ని అందలం ఎక్కించింది.

రెండింటిలోనూ చదవటం అనేది లేదు. సేకరించేవాళ్లని నేను చిన్నచూపు చూడటంలేదు. వాళ్లు దాచబట్టే, సంవత్సరాలూ టంకసాలలూ తేల్చబట్టే, అత్తయ్యకి నేనా నాలుగు ముక్కలూ చెప్పగలిగాను. కాని అరుగుదలని లోపంగా లెక్కగట్టే వాళ్ల మార్కుల పద్ధతితో మాత్రం నాకు పేచీ ఉంది. రాగిడబ్బు పుట్టిందే అరగటానికి. మా వారపత్రికల సీరియళ్లూ అంతేగా! ఒకరి చేతినుంచి ఒకరి చేతికి మారి, అట్ట చిరిగి, పేజీల మీద పసుపు వేళ్ల గుర్తులు పడి, చివరికి పొట్లాలవుతాయి. అంతమంది చదివారు గనక అవి చవకబారువని తీర్పు చెప్పే పెద్దల్ని నా ఇరవయ్యో ఏటినుంచీ వింటున్నాను. వాళ్లకి నా జవాబు ఆ మరచెంబులో ఉంది.

పద్ధెనిమిదో డబ్బు సంగతి చెప్పలేదు గదూ! అన్నీ తోమేశాక, చెంబు కూడా తోముదామని మూత తిరగేస్తే, మర అంచున ఇరుక్కుని ఒకటి కనిపించింది. ఆ ఒక్కటీ నా చింతపండు బారిన పడలేదు. నల్లగా, నున్నగా, అచ్చం చింతగింజలా ఉంది. దానిమీద సింహం లేదు, రాణి లేదు, సంవత్సరం లేదు. భూతద్దం పెట్టినా ఒక్క అక్షరం ఆనలేదు. మాస్టారు తూచి చూసి పెదవి విరిచారు. "పాత సామాన్లవాడు కూడా రాగి ధరే ఇస్తాడమ్మా" అన్నారు.

బొటనవేలితో ఒకసారి రాశాను. మధ్యలో చిన్న పల్లం తగిలింది. ఎన్ని చేతులు మారితే రాజుగారి ముఖం అలా చెరిగిపోతుంది! ఉప్పు కొన్న చెయ్యి, పుల్లయిసు కోసం మారాం చేసిన చెయ్యి, హుండీలో వెయ్యబోయి ఒక్కక్షణం తటపటాయించిన చెయ్యి. అచ్చువేసినవాళ్ల రాత పూర్తిగా పోయింది. చదివినవాళ్ల రాత ఒక్కటే మిగిలింది.

మీ ఇంట్లో ఉన్నవాటి సంగతి కూడా కాస్త ఆలోచించండి. చింతపండూ, నిమ్మచెక్కా, పీతాంబరం పొడీ వాటి దగ్గరికి రానివ్వకండి. మెత్తటి ప్లాస్టిక్ సంచుల్లో పెట్టకండి, కొన్నాళ్లకి పచ్చటి జిగురు పడుతుంది. తడిలేని కాగితపు కవరు చాలు. పట్టుకునేటప్పుడు అంచులు పట్టుకోండి. కవరుమీద ఎవరిదో, ఎవరిచ్చారో రెండు ముక్కలు రాయండి. లేకపోతే మనవరాళ్లకి అది ఉత్త రాగిముక్క. కోట్లిస్తామని ఎవరైనా వస్తే మాత్రం, ముందు మీరు చదవండి.

నా పదిహేడు డబ్బులూ పళ్లెంలోనే ఉన్నాయి. ఓపికపడితే మళ్లీ రంగు తిరుగుతాయని, అయితే మునుపటి నలుపు మాత్రం రాదని మాస్టారన్నారు. మూడు నెలలకే మెరుపు తగ్గి, ఎండిన మామిడాకు రంగుకి వచ్చాయి. పద్ధెనిమిదోదాన్ని మళ్లీ మరచెంబులోనే వేశాను. దానికోసం ఒక చీటీ కూడా రాసి పెట్టాను. 'ఇది అమ్మమ్మది. తోమలేదు.'